మెదడు కాపరులను కనుగొనిన ఓర్తేగా

కర్నూలు, కడప సీమల మెట్టపొలములలో జొన్నకంకి పాలుపట్టిన నాటినుండి కోత ముగియువరకు మంచెమీద కాపు లేనిదే పంట యిల్లు చేరదు. మంచెమీది కాపరి నాగలి పట్టడు, విత్తనము చల్లడు. దూరమునుండి చూచువానికి అతడు పనిలేక కూర్చున్నట్లే తోచును. పిట్టల గుంపు వాలినప్పుడు గాని అతని ఒడిసెల విలువ తెలియదు. మనుష్యుని మెదడులోను అట్టి కాపరులు కలవు. వానిని మొట్టమొదట స్పష్టముగా చూచి, పేరు పెట్టి, వాని పని యేమో చెప్పినవాడు స్పెయిను దేశపు వైద్యుడగు పియో దెల్ రియో ఓర్తేగా. నూరేండ్ల క్రిందట ఆయన చూపిన ఆ సూక్ష్మకణములే నేడు వృద్ధుల జ్ఞాపకమును హరించు ఆల్జీమర్స్ వ్యాధి పరిశోధనలో ప్రధాన స్థానము నాక్రమించినవి.

ఓర్తేగా 1882వ సంవత్సరము మే 5వ తేదీన స్పెయినులో వయదోలీద్ మండలమునకు చేరిన పోర్తీయో అను గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము కాస్తీల్ పీఠభూమి. సముద్రమునకు దూరమైన ఎత్తు నేల, వానలు తక్కువ, వేసవి యెండ తీవ్రము, గోధుమ చేలు, గొఱ్ఱెల మందలు అచ్చటి జనుల జీవనాధారములు. శీతకాలపు మంచు నొక్కదానిని మినహాయించినచో, ఈ వర్ణన రాయలసీమ వాసికి క్రొత్తగా తోపదు. ఓర్తేగా వయదోలీద్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి 1905లో పట్టము పొందెను. పిమ్మట సొంత గ్రామముననే కొంతకాలము వైద్యుడుగా పనిచేసెను. కాని నాడి చూచి మందిచ్చుటతో ఆయన మనస్సు తృప్తి చెందలేదు. రోగికి కలుగు బాధకు మూలమైన మార్పు శరీరములో ఎచ్చట, ఏ కణమున జరుగుచున్నదో కంటితో చూడవలెనను కోరిక ఆయనను రాజధానియగు మాద్రిద్ నగరమునకు నడిపించెను.

ఆ కాలమున మాద్రిద్ నాడీశాస్త్ర విద్యార్థులకు పుణ్యక్షేత్రము వంటిది. సాంతియాగో రామోన్ ఇ కహాల్ అను మహాశాస్త్రజ్ఞుడు అచ్చట నుండెను. మెదడు తెగని ఒకే వల కాదనియు, విడివిడిగా నున్న నాడీకణముల సముదాయమనియు నిరూపించిన ఆయనకు 1906లో ఇటలీ దేశీయుడగు గోల్జీతో పాటు నోబెల్ బహుమానము లభించెను. ఆ మహావృక్షపు నీడలో పనిచేయువారిలో నికొలాస్ అచూకారో యొకడు. అచూకారో జర్మనీలోని మ్యూనిక్ నగరమున అలాయిస్ ఆల్జీమర్ వద్ద శిక్షణ పొందినవాడు. ఓర్తేగా అచూకారో ప్రయోగశాలలో చేరి ఆయనకు ప్రియశిష్యుడై, మిత్రుడై మెలగెను. ఇరువురకు వయస్సులో భేదము రెండేండ్లే. ఈ విధముగా ఓర్తేగా విద్య యొకవైపు కహాల్ నుండియు, మఱియొకవైపు ఆల్జీమర్ నుండియు సంక్రమించినది.

ఆల్జీమర్ పేరు నేడొక వ్యాధి పేరుగా లోకమెల్ల వ్యాపించినది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు మానసిక చికిత్సాలయమున అగస్టె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీని ఆయన పరీక్షించెను. ఆమె తన పేరు వ్రాయబోయి నడుమనే మఱచిపోవుచుండెను. తానున్న చోటును, గడచు కాలమును ఎఱుగకుండెను. 1906లో ఆమె మరణించిన పిదప ఆమె మెదడును సూక్ష్మదర్శినితో చూడగా రెండు వింతలు కనబడినవి. నాడీకణముల వెలుపల పేరుకొనిన మచ్చలు ఒకటి. కణముల లోపల చిక్కుపడిన నూలువంటి పోగులు రెండవది. వెలుపలి మచ్చలు అమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొనుటచేతను, లోపలి చిక్కులు టౌ అను మఱియొక మాంసకృత్తు చేతను ఏర్పడునని చాలకాలమునకు గాని తేలలేదు. నాడీకణముల నడుమ నుండు ఇతర కణములలోను మార్పులున్నట్లు ఆల్జీమర్ గమనించెను. అయితే ఆ కణములను విడదీసి చూపగల సాధనము ఆయన కాలమునాటికి లేకుండెను. 1910లో క్రేపెలిన్ అను ఆచార్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను.

సాధనము లేకపోవుటయన నేమో కొంచెము వివరింపవలసి యున్నది. మెదడును పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని క్రింద నుంచినంత మాత్రమున కణములు వేర్వేరుగా కనబడవు. వానికి రంగు పట్టింపవలెను. ఎమ్మిగనూరు, ప్రొద్దుటూరు ప్రాంతముల నేతవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఒకే అద్దకము నూలుకు ఒక విధముగను, పట్టుకు మఱియొక విధముగను పట్టును. మెదడులోని కణములును అట్టివే. ఒక్కొక్క జాతి కణమునకు ఒక్కొక్క రంగు గాని పట్టదు. కహాల్ తన వర్ణకములతో నాడీకణములను, నక్షత్రాకారమున నుండు గ్లియా కణములను చక్కగా చూపగలిగెను. గ్లియా యనగా గ్రీకు భాషలో జిగురు. నాడీకణములను అంటిపెట్టి నిలుపు జిగురు వంటి పదార్థమని తలచి పందొమ్మిదవ శతాబ్దమున విర్చో అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టెను. ఈ రెండు జాతులు గాక, కొమ్మలు లేని చిన్న గుండ్రని కణములు కొన్ని మిగిలినవి. 1913లో కహాల్ వానిని మూడవ మూలకమని పిలిచి విడిచిపెట్టెను.

మహాగురువు విడిచిన ఆ మూడవ దానినే శిష్యుడు చేపట్టెను. 1918లో అచూకారో 37 ఏండ్ల వయస్సుననే రోగగ్రస్తుడై మరణించెను. ఆ దుఃఖ సంవత్సరముననే ఓర్తేగా వెండి కార్బొనేటుతో మెదడు పొరలకు రంగు పట్టించు నూతన పద్ధతిని సాధించెను. ఆ రంగు పడగానే, కొమ్మలు లేవని తలచిన కణములకు అతిసూక్ష్మములైన కొమ్మలు, ఆ కొమ్మలకు ముండ్లవంటి రెమ్మలు స్పష్టముగా కనబడినవి. ఇదివఱకు కొమ్మలు లేకపోవుట కణముల లోపము గాదు, రంగు లోపము. 1919లో ఓర్తేగా వరుసగా వ్యాసములు ప్రకటించి, ఈ కణములకు మైక్రోగ్లియా అని నామకరణము చేసెను. చిన్న గ్లియా యని దాని యర్థము.

ఆయన వాని రూపమును వర్ణించుటతో ఆగలేదు. ఈ కణములు మెదడు పుట్టిన పొరనుండి పుట్టినవి గావనియు, పిండదశలో వెలుపలనుండి మెదడులోనికి వలస వచ్చినవనియు చెప్పెను. ఆరోగ్యముగా నున్న మెదడులో అవి కొమ్మలు చాచి ఎడమెడముగా నిలిచియుండుననియు, గాయము గాని రోగము గాని కలిగినప్పుడు కొమ్మలు ముడిచి, బొద్దుగా మాఱి, ఆ చోటికి ప్రాకిపోయి, చచ్చిన కణముల శిథిలములను మ్రింగివేయుననియు వివరించెను. రక్తములోని తెల్లకణములు శరీరమునకు చేయు కావలి పనిని మెదడులో ఈ కణములు చేయుచున్నవని దీని సారాంశము.

సత్యము కనుగొనుట ఆయనకు సుఖము నీయలేదు. కహాల్ 1920లో ఒక వ్యాసము వ్రాసి, ఈ కణములను అంతకుముందే రాబర్ట్‌సన్ అను స్కాట్లండు వైద్యుడు చూచెనని యభిప్రాయపడెను. రాబర్ట్‌సన్ చూచినవి వేరు జాతి కణములని తరువాత తేలినది. శాస్త్రవిషయమున భేదముతో బాటు, ప్రయోగశాలలోని మనస్పర్ధలు, చెప్పుడు మాటలు తోడయ్యెను. ఆ సంవత్సరముననే ఓర్తేగా కహాల్ ప్రయోగశాలనుండి వెలుపలికి పంపబడెను. అప్పటికి గురువునకు 68 ఏండ్లు, శిష్యునకు 38. ఇరువురును అభిమానధనులు, ఇరువురకును చెప్పుకొనదగిన నొప్పి కలదు. అయినను కహాల్ శిష్యుని జీవనమార్గమును మూయలేదు. తాను అధ్యక్షుడుగా నున్న విద్యాసంఘమే ఓర్తేగాకు మాద్రిద్‌లోని విద్యార్థి నివాసమున వేఱొక ప్రయోగశాల నేర్పఱచి యిచ్చెను.

ఆ చిన్న ప్రయోగశాలలో ఓర్తేగా రెండవ విజయము సాధించెను. కహాల్ చెప్పిన మూడవ మూలకము ఒకే జాతి కాదనియు, మైక్రోగ్లియా గాక అందు కొలది కొమ్మలు గల మఱియొక జాతి కలదనియు 1921లో ప్రకటించి, దానికి ఆలిగోడెండ్రోగ్లియా యని పేరు పెట్టెను. నాడీతంతువులకు కొవ్వు పొర తొడుగునవి ఈ కణములే. ఆయన కీర్తి విని దేశాంతరముల విద్యార్థులు వచ్చిరి. వారిలో ముఖ్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్. ఆయన 1924లో కొన్ని మాసములు మాద్రిద్‌లో ఉండి వెండి రంగుల విద్య నేర్చుకొనెను. అటుపిమ్మట కెనడాలోని మాంట్రియల్ నగరమున ప్రసిద్ధమైన నాడీశాస్త్ర సంస్థను 1934లో స్థాపించినవాడు ఈ పెన్‌ఫీల్డే. ఆయన సంపాదకత్వమున 1932లో వెలువడిన గ్రంథములో మైక్రోగ్లియాను గూర్చిన అధ్యాయమును ఓర్తేగా వ్రాసెను. నోబెల్ బహుమానమునకు 1929లోను, 1937లోను ఆయన పేరు ప్రతిపాదింపబడినది గాని బహుమానము రాలేదు.

1934లో కహాల్ మరణించెను. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము రగిలెను. మాద్రిద్ మీద బాంబులు పడుచుండగా ఓర్తేగా తన జీవితము గడపిన ప్రయోగశాలను విడిచి వెడలవలసి వచ్చెను. పారిస్‌లో కొంతకాలము, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో కొంతకాలము పనిచేసి, ఆయన 1940లో దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా రాజధానియగు బ్వేనోస్ ఐరిస్ చేరెను. అచ్చటి స్పానిష్ సాంస్కృతిక సంస్థ ఆయనకు ప్రయోగశాల యేర్పఱచెను. ఆ పరదేశముననే శిష్యులను తయారుచేయుచు, 1945 జూన్ 1వ తేదీన కేన్సరు వ్యాధితో కన్నుమూసెను. స్వదేశమున నిరంకుశ ప్రభుత్వము గతించిన తరువాత, 1986లో ఆయన అస్థికలు వయదోలీద్ నగరమునకు తేబడినవి. ఆ నగరమున నొక పెద్ద వైద్యశాల నేడాయన పేరుతో నున్నది.

ఆయన మరణానంతరము మైక్రోగ్లియాను గూర్చి లోకము చాలకాలము శ్రద్ధ వహింపలేదు. వెండి రంగు పట్టించుట కష్టసాధ్యమైన పని. చేయి తిరిగినవారికి గాని ఫలింపదు. మైక్రోగ్లియా అను ప్రత్యేక జాతి యున్నదా యని కూడ కొందఱు సందేహించిరి. ఇరువదవ శతాబ్దపు చివరి దశకములలో నూతన వర్ణకములు వచ్చిన పిదప ఆ సందేహము తొలగెను. 2005లో సజీవమైన చిట్టెలుక మెదడును ప్రత్యేక సూక్ష్మదర్శినితో చూచినవారికి ఒక అద్భుతము కనబడినది. విశ్రాంతిగా నున్నవని తలచిన కాపరులు క్షణమైనను ఊరకుండుట లేదు. కణపు నడిమి భాగము కదలకున్నను, దాని కొమ్మలు ఎడతెగక చాచుచు ముడుచుచు చుట్టుప్రక్కల తడవి చూచుచున్నవి. 2010లో వెలువడిన మఱియొక పరిశోధన, చిట్టెలుకలలో ఈ కణముల మూలము పిండదశయందలి సొనసంచిలో నున్నదని చూపెను. అవి వెలుపలినుండి వలస వచ్చినవని ఓర్తేగా చెప్పిన మాట 90 ఏండ్లకు ఈ విధముగా స్థిరపడినది.

ఇక ఆల్జీమర్స్ వ్యాధిలో ఈ కాపరులు చేయు పని యెట్టిది? అమిలాయిడ్ పేరుకొనినచోట మైక్రోగ్లియా మూగును. కొంత మ్రింగివేయును, మ్రింగలేని దానిచుట్టు కంచెవలె నిలిచి, దాని విషము ప్రక్కనున్న నాడీతంతువులకు సోకకుండ అడ్డుపడును. ఇది మేలు. 2013లో ప్రకటితమైన రెండు పరిశోధనలు ఈ మేలునకు బలమైన సాక్ష్యము నిచ్చినవి. మైక్రోగ్లియా పైపొరమీద ట్రెమ్-2 అను మాంసకృత్తు కలదు. చెత్తను గుర్తుపట్టుట కది కాపరికి కన్ను వంటిది. దానిని నిర్మించు జన్యువులో అరుదైన యొక మార్పు గలవారికి ఆల్జీమర్స్ వ్యాధి వచ్చు అవకాశము సుమారు మూడు రెట్లు హెచ్చునని ఆ పరిశోధనలు తెలిపినవి. కాపరి చూపు మందగించినచో చేను పాడగునని దీని తాత్పర్యము.

కాని కాపరి వలన కీడును కలదు. పిట్టలు ఏండ్ల తరబడి వాలుచునే యున్నప్పుడు విసిగిన కాపరి ఒడిసెల రాళ్లు కంకులకును తగులును. చిరకాలము రెచ్చిన మైక్రోగ్లియా వాపు పుట్టించు ద్రవ్యములను వెదజల్లును. అంతేగాక, నాడీకణము నాడీకణముతో మాటలాడు సంధులను కూడ మ్రింగివేయును. ఎదుగుచున్న పిల్లల మెదడులో అక్కరలేని సంధులను తీసివేయుట ఈ కణముల సహజధర్మము. తోటమాలి కొమ్మలు కత్తిరించుట వంటిది. వ్యాధిలో ఆ కత్తెర అకాలమున మరల ఆడును. అమిలాయిడ్ మచ్చలు గట్టిపడకముందే ఈ నష్టము మొదలగునని 2016లో చిట్టెలుకల మీద జరిగిన పరిశోధన తెలిపినది. జ్ఞాపకము ఆ సంధులలోనే నిలుచును గనుక, సంధి పోయినచో జ్ఞాపకము పోవును.

ఒకే కణము మేలును కీడును చేయుచున్నందున వైద్యము కష్టమైనది. కాపరిని నిద్రపుచ్చుటయే ఉపాయమని కొందఱు తలచిరి. ఈ సందర్భమున నొక తెలుగువాని పేరు స్మరింపదగి యున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడుగా నున్నప్పుడు, టెట్రాసైక్లిన్ వంశమునకు మొదటిదైన ఆరియోమైసిన్ అను మందు 1948లో వెలువడినది. ఆ సంవత్సరముననే ఆయన మరణించెను. ఆ వంశముననే, ఆ ప్రయోగశాలలోనే తరువాత పుట్టిన మినోసైక్లిన్ అను మందు జంతువులలో మైక్రోగ్లియాను శాంతపఱచినట్లు కనబడెను. బ్రిటనులో 544 మంది రోగులకు రెండేండ్లపాటు ఆ మందును పరీక్షించి 2020లో ఫలితము ప్రకటించిరి. వ్యాధి మందగింపలేదు. కాపరిని ఊరక నిద్రపుచ్చుట చాలదని తేలినది. కాపరిని మేల్కొల్పుటకు, ట్రెమ్-2ను ప్రేరేపించునట్లు చేసిన యొక మందును 2024లో పరీక్ష ముగియువఱకు చూడగా అదియు ఫలింపలేదు.

కొంత ఫలించినది మూడవ మార్గము. అమిలాయిడ్‌కు అంటుకొని, దానిని మ్రింగుటకు మైక్రోగ్లియాకు గుర్తు చూపు లెకానెమాబ్ అను మందు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందినది. సుమారు 1,800 మందిపై 18 మాసములు జరిగిన పరీక్షలో, వ్యాధి ఆరంభదశలో నున్నవారి క్షీణత నూటికి 27 వంతులు మందగించినది. ఇది వ్యాధిని ఆపలేదు, పోయిన జ్ఞాపకమును తిరిగి తేలేదు. కొందఱికి మెదడులో వాపు, రక్తస్రావము కలుగుటయు కలదు. అయినను, ఓర్తేగా చూపిన కాపరులను సరియైన చోట పనికి పెట్టవచ్చునన్న ఆశకు ఇది తొలి యాధారము.

ఈ విషయము దూరదేశముల వారికే పరిమితము కాదు. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, మతి క్షీణించు వ్యాధులతో నున్నారని 2023లో ప్రకటితమైన జాతీయ పరిశోధన అంచనా వేసినది. అట్టి వ్యాధులలో ఆల్జీమర్స్ ప్రధానమైనది. హైదరాబాదు నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణా అల్లాడి బృందము 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాటలాడువారికి ఒకే భాష యెఱిగినవారికంటె సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా ఈ వ్యాధి బయటపడినదని 2013లో తెలిపినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి మెలగు కర్నూలు సీమవారికి ఇది ఆలోచింపదగిన మాట. రక్తపుపోటు, మధుమేహము, చెవుడు, పొగత్రాగుట, బాల్యమున చదువు లేకపోవుట మొదలగు 14 కారణములను సరిచేసినచో సుమారు నూటికి 45 వంతుల వ్యాధిని తప్పింపనో, ఆలస్యము చేయనో వచ్చునని 2024లో అంతర్జాతీయ నిపుణుల సంఘము పేర్కొనెను.

మన గ్రామములలో వృద్ధులు అడిగినదే అడిగినప్పుడు చాదస్తమందురు. తిన్న అన్నము మఱచి మరల అడిగినప్పుడు కోడలిమీద నింద వేయుచున్నారందురు. ఇల్లు విడిచి దారి తప్పినప్పుడు గాలి సోకినదందురు. ఆ తండ్రి మొండివాడు గాడు, ఆ తల్లి కల్లలాడుట లేదు. మెదడులో కాపరులు ఏండ్ల తరబడి పోరాడి అలసిన చేను అది. ఓర్తేగా జీవితమునుండి సామాన్య గృహస్థు గ్రహింపదగిన దేమనగా, కంటికి కనబడనిది లేనిదని తలపరాదు. సరియైన వెలుగులో ఓపికతో చూడవలెను. నూఱవమాఱు అదే ప్రశ్న అడిగిన వృద్ధుని ఆ చూపుతో చూచినవాడు, విసుగుకొనక నూటొకటవమాఱు బదులు చెప్పును. మఱునాడు వైద్యుని యొద్దకు తోడ్కొనిపోవును.